కాదనేవాడి మాట

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది అది. తుఫానుకి నెల్లాళ్ళ ముందు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పద్మకుమారి మేడం ఫైనలియర్ పిల్లల చేత ఒక కొత్త పని చేయించింది. ఒకరు రాసిన వ్యాసం ఔట్‌లైన్‌ని ఇంకొకరు చూడాలి. మార్కులు వెయ్యకూడదు, స్పెల్లింగుల జోలికి పోకూడదు. మూడు ప్రశ్నలకి మాత్రం జవాబు రాసివ్వాలి. ఈ మనిషి ఏమంటోంది? ఎందుకంటోంది? కాదనేవాడు ఏమంటాడు?

"మొదటి రెండూ ఎవరైనా రాస్తారు. మూడోది రాయడానికే మిమ్మల్ని జతలు కలిపాను," అందావిడ.

వ్యాసం డిస్టోపియా నవలల మీద. రేపటి లోకం పాడైపోతే ఎలా ఉంటుందో చూపించే కథలన్నమాట. ఆ సెమిస్టరులో మేడం చదివించిన నవలలో ఒక పట్నం ఉంది. ఆ పట్నంలో చచ్చిపోయినవాళ్ళ పేరెత్తడం నేరం. మనిషి పోయిన మర్నాడే సర్కారువాళ్ళొచ్చి గోడ మీద పటం తీసుకుపోతారు, రేషను కార్డులో పేరు కొట్టేస్తారు, ఇంటివాళ్ళు పోయినవాళ్ళ కంచంలో మరొకరికి అన్నం పెట్టేసుకోవాలి. ఆ కథని పట్టుకుని ఏదో ఒక వాదం నిలబెట్టి వ్యాసం రాయాలి.

జగన్నాధానికి శాంతి జతపడింది. శాంతిది టెక్కలి. తండ్రి కృపానిధి వేను తోలతాడు. బాప్టిస్టు చర్చిలో యూత్ మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి ఆ పిల్లకి గొంతు తడబడడం తెలీదు. ఆమె ఔట్‌లైన్ ఒకటిన్నర పేజీ, ముత్యాల్లాంటి అక్షరాలు. జగన్నాధం ఔట్‌లైన్‌లో పేరూ రోల్ నంబరూ తప్ప ఏమీ లేదు.

మేడం అది చూసి తిరిగి అతని చేతికే ఇచ్చేసింది. సోమవారాలూ గురువారాలూ అతను క్లాసుకి ఎందుకు రాడో ఆవిడకి తెలుసు. "నీది తర్వాత రాద్దువుగాని. ముందు ఆమెది చూసివ్వు," అంది.

జగన్నాధం వాళ్ళది ఉద్దానంలో సానపుట్టుగ అనే ఊరు. తండ్రి నరసింగరావుకి కొబ్బరితోట, కొంచెం జీడితోట. రెండేళ్ళుగా రెండు కిడ్నీలూ పని చెయ్యడం లేదు. ఆ ఊళ్ళో అది వింత కాదు. వాళ్ళ వీధిలో ఇంటికొకరు ఆ జబ్బు మనిషి. నీళ్ళ వల్లనన్నవాళ్ళున్నారు, మందుల వల్లనన్నవాళ్ళున్నారు, నేల వల్లనన్నవాళ్ళున్నారు. పెద్ద పెద్ద డాక్టర్లొచ్చి రక్తాలు తీసుకెళ్ళారు గాని ఇదీ కారణమని తేల్చి చెప్పినవాడు లేడు. వారానికి రెండుసార్లు నరసింగరావుని టౌనుకి తీసుకెళ్ళి డయాలసిస్ మెషిన్ ఎక్కించాలి. నాలుగ్గంటలు సూదులు గుచ్చుకుని పడుకోవాలి. ఆయనతో పాటు భార్య లక్ష్మణమ్మ, కొడుకు వెళ్ళేవారు.

జబ్బు రాకముందు నరసింగరావు ఊళ్ళో ఒక రకం మనిషి. ఎక్కడ తగువు తీరుస్తున్నా వెళ్ళి కూచునేవాడు. పదిమందీ ఒక మాట మీద ఉంటే ఈయన రెండో మాట మీద ఉండేవాడు. ఆ రెండో మాట తనకి నచ్చినా నచ్చకపోయినా సరే. "ఆడి తరపున కూడా ఒకడు మాటాడాల గదేటి," అనేవాడు. జబ్బు వచ్చాక ఆ గొంతు పోయింది. ఇంట్లో దాహం గురించి తప్ప మాట్లాడేవాడు కాదు. రోజుకి అరలీటరు నీళ్ళే తాగమన్నారు. జీవితమంతా కొబ్బరిచెట్ల కింద బతికిన మనిషి, బొండాం నీళ్ళు ముట్టుకోకూడదన్నారు, గుండె ఆగిపోతుందని. కొడుకుతో ముందునుంచీ మాటలు తక్కువే. ఏం చదువుతున్నావని ఆయన ఎప్పుడూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు.

ఆ గురువారం వార్డులో తండ్రి మంచం పక్కన స్టూలు మీద కూచుని జగన్నాధం శాంతి ఔట్‌లైన్ మోకాలి మీద పెట్టుకున్నాడు. మొదటి రెండు ప్రశ్నలకీ రాసేశాడు. మూడో దాని దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఏటిరా అది? పరీచ్చలా?" అన్నాడు నరసింగరావు.

"కాదు నాన్నా. మా కాలేజీలో ఒకమ్మాయి రాసినాది. నాను సూసి బాగోగులు సెప్పాల."

"నువ్వు సెప్పడమేటి? మేస్టార్లు నేరా?"

జగన్నాధం నవ్వి సంగతి చెప్పాడు. పట్నం కథ కూడా చెప్పాడు. నరసింగరావు కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుని కొడుకు ఆపేస్తే, "సెప్పు, సెప్పు," అన్నాడు.

"మరి ఆ గుంట ఏటంతాది?"

"ఆ పట్నంలో జనం నోరు మూసుకోడానికి బయమే కారణం అంతాది. బయం పోతే మాట వస్తాది. ఇలాటి నవలలు సదివితే మనకి బయం పోతాదని, అందుకే ఇవి అందరూ సదవాలని అంతాది."

"ఎవుడు సెప్పినాడు బయమని?"

"కతలో పోలీసులున్నారు గదా."

"ఉంతే ఉండనీ." నరసింగరావు సూదులు లేని చెయ్యి ఎత్తి పక్క బెడ్డు వైపు చూపించాడు. దాని మీద దుప్పటి మడతపెట్టి ఉంది. "సోమారం ఆ బెడ్డు మీద ముసిలోడున్నాడు. బీడీ వాసనోడు. ఈయేల ఏడీ?"

జగన్నాధానికి తెలీదు.

"నాకూ తెల్దు. నానడిగినానేటి? నువ్వడిగినావా? ఆ సిస్టరమ్మ ఏమైనా సెప్పిందా? ఇక్కడ ఏ పోలీసోడున్నాడురా?" ఆయన గొంతు తగ్గించాడు. "నానడిగితే ఆ ఎదర బెడ్డోడు ఆ మాట ఇంతాడు. ఆడికి సిన్న సిన్న పిల్లలు. నాలుగ్గంటలు ఇక్కడ తొంగోవాల ఆడు. ఎందుకు ఆడిని బాద పెట్టడం? అందుకని అడగం. బయం కాదురా అది. జాలి. రాయి, ఆ గుంటకి అలగే రాయి."

"నువ్వెందుకు ఇప్పుడు ఆయాసపడతావు? బీపీ లేస్తాది, ఊరుకో," అంది గోడకానుకుని కింద కూచున్న లక్ష్మణమ్మ.

"లెగనీయే," అన్నాడు నరసింగరావు. చాలా రోజుల తరవాత ఆ గొంతులో పాత తగువుల నాటి ఊపు వినిపించింది.

జగన్నాధం రాశాడు. మర్నాడు శాంతి ఆ కాగితం చదివి తలెత్తింది.

"ఇది నీ మాట కాదు."

"మా నాన్నది."

ఆమెకి వాళ్ళ నాన్న సంగతి కొంత తెలుసు. ఇంకోసారి చదివింది. ఆ సాయంత్రం బస్టాపులో నిలబడి, "మీ నాన్నగారికి చెప్పు," అంది. "ఆయన చెప్పింది బాగుంది. కాని నేను ఒప్పుకోను. జాలితో నోరు మూసుకున్నా, భయంతో నోరు మూసుకున్నా, ఆ పట్నాన్ని ఏలేవాళ్ళకి ఒకటే కదా? పోయినవాళ్ళ మాట ఎవరూ ఎత్తకపోతే, ఎందుకు పోతున్నారని మాత్రం ఎవరడుగుతారు?"

సోమవారం జగన్నాధం ఆ మాటలు మోసుకెళ్ళాడు. నరసింగరావు మొత్తం విన్నాడు.

"గుంట గట్టిదే. ఏవూరు?"

"టెక్కలి."

"ఎవులమ్మాయి?"

"బాప్టిస్టు సర్చీవోలు. ఆల నాన్న వేను తోల్తాడు."

"ఆలకి పాటలొస్తాయని తెలుసు. మాటలు కూడా వొస్తాయన్నమాట," అని నవ్వాడు. లక్ష్మణమ్మ తలెత్తి చూసింది. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

అక్కణ్ణించి అది ఒక అలవాటయింది. మంగళవారం శాంతికి నరసింగరావు జవాబు అందేది. బుధవారం ఆమె జవాబు బయల్దేరేది. మేడం అడిగిన రివ్యూ ఒక్క కాగితమే, అది ఎప్పుడో నిండిపోయింది. ఔట్‌లైన్ మాత్రం మారుతూ వచ్చింది. "భయం" అన్నచోట శాంతి "భయమూ, అలవాటూ" అని రాసింది. అది విని నరసింగరావు, "నా మాట రాయడానికి మనసొప్పలేదు," అని కొడుక్కి కన్నుగీటాడు.

ఆయన వాదన ప్రతిసారీ నిలబడేది కాదు. ఒక గురువారం ఆయన కథనే మార్చెయ్యబోయాడు. ఆ పట్నాన్ని ఏలేవాడికి ఒక తల్లి ఉండాలట, ఆవిడ చచ్చిపోవాలట, అప్పుడు వాడు ఏం చేస్తాడో చూడాలట. "ఆడి తల్లి పటం ఆడే తీస్తాడేటి? సూద్దుం!" అన్నాడు. శాంతి కబురు పెట్టింది: "అది నవలలో లేదు. లేనిదాన్ని పట్టుకుని వాదించకూడదు."

"నేకపోతే రాయమను ఆ రాసినోడిని," అని ఆయన అలిగాడు. కాసేపయ్యాక, "సరే, అది కొట్టీ," అన్నాడు.

ఆ నాలుగ్గంటలూ ఇప్పుడు బరువుగా ఉండేవి కావు. బస్సులో కూడా తండ్రి పక్కన కూచుని జగన్నాధం ఏదో ఒకటి చెప్పేవాడు. ఈ సదువు అయ్యాక ఏటి సేస్తావని నరసింగరావు మొదటిసారి అడిగాడు. బీఈడీ చేసి టీచర్నవుతానన్నాడు జగన్నాధం. "మంచిదే. పిల్లలు కాదంతే కొట్టకు. ఇను," అన్నాడు తండ్రి.

అక్టోబరు రెండో వారంలో, సోమవారం, శాంతి పంపిన ప్రశ్న వేరే రకంగా ఉంది. "ఆ పక్క బెడ్డు ఆయన భార్య ఒకరోజు వచ్చి, మా ఆయన రాకపోతే మీరెవరూ ఒక్క మాట అడగలేదేం అంటే, ఆవిడకి ఏం చెప్తారు? జాలిపడి అడగలేదని చెప్తారా?"

జగన్నాధం అది చెప్పగానే నరసింగరావు మొహం మారిపోయింది. కోపం కాదు. పక్క బెడ్డు వైపు తల తిప్పాడు. లక్ష్మణమ్మ కూడా ఆయన ఏమంటాడా అని చూసింది. మెషిన్ తిరుగుతూ ఉంది. ట్యూబులో రక్తం ఎర్రగా వెళ్ళి వస్తోంది.

"ఇది బేగి సెప్పీది కాదు," అన్నాడు చివరికి. "గురువారం సెప్తానని సెప్పు."

ఆ గురువారం తెల్లవారుజామున తుఫాను తీరం దాటింది. ఆ గాలి గురించి ఉద్దానంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాత్రంతా చెట్లు విరిగిన చప్పుడు. నరసింగరావు ఇల్లు పక్కా ఇల్లు కాబట్టి గోడలు నిలిచాయి, వంటింటి మీద రేకులు మాత్రం ఎగిరిపోయాయి. తెల్లారి తలుపు తీస్తే ఎదుట తోట లేదు. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచి ఒకే వైపుకి పడి ఉన్నాయి. తాత పెట్టినవీ, తండ్రి పెట్టినవీ, నరసింగరావు పెళ్ళయిన ఏడాది పెట్టినవీ. వాటి అవతల ఇన్నాళ్ళూ కనపడని పక్క ఊరు కనపడుతోంది.

నరసింగరావు గుమ్మంలో కూచుని చూశాడు.

"ఒక్కటీ నేదురా," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రోజు మెషిన్ ఎక్కాల్సిన రోజు. కరెంటు లేదు, ఫోను లేదు. రోడ్డు మీద చెట్టు మీద చెట్టు, స్తంభాల మీద స్తంభాలు. సాయంత్రానికి ఆయన కాళ్ళు పొంగాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూచునే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున్నే లక్ష్మణమ్మ తమ్ముడు కొండబాబు గొడ్డలి పట్టుకుని వచ్చాడు. వెనక మరో ఆరుగురు వచ్చారు. వాళ్ళ చెట్లూ పడిపోయాయి, వాళ్ళ రేకులూ పోయాయి, అయినా వచ్చారు. నులక మంచం మీద నరసింగరావుని కూచోబెట్టి, జారకుండా వెనక దిండు పెట్టి, చీరతో నడుం కట్టారు. ముందు ఇద్దరు దారి కొట్టుకుంటూ పోతే తక్కినవాళ్ళు మంచం ఎత్తారు. కొట్టడానికి లొంగని మానుల మీంచి మంచాన్ని చేతులు మార్చి దాటించారు. జగన్నాధం తండ్రి తల వైపు పట్టాడు. బస్సులో పావుగంట పట్టే మెయిన్ రోడ్డుకి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

దారంతా పచ్చి బొండాలు. అడుగు వెయ్యడానికి లేకుండా రాలి ఉన్నాయి. ఒకచోట మంచం దింపి అందరూ ఊపిరి తీసుకుంటుంటే నరసింగరావు ఒక కాయ వైపు చూశాడు.

"ఒకటి కొట్టరా, బాబూ."

"వద్దు నాన్నా. మిషనెక్కినాక."

"గుక్కెడు."

"గుండెకి పట్టీస్తాదన్నారు నాన్నా. ఇంకెంతసేపు, ఎల్లిపోతన్నాం గదా."

"ఇచ్చీరా, గుక్కెడేగదేటి," అన్నాడు కొండబాబు మొహం పక్కకి తిప్పుకుని. జగన్నాధం తల అడ్డంగా ఊపాడు. తండ్రి మళ్ళీ అడగలేదు. పెదాలు నాలుకతో తడుపుకుని, "సరే, ఎత్తండి," అన్నాడు.

మెయిన్ రోడ్డు మీద ట్రాక్టరు దొరికింది. టౌన్లో వార్డు చీకటిగా ఉంది. జనరేటరు వేస్తామన్నారు గాని మెషిన్లకి కావలసిన శుద్ధి చేసిన నీళ్ళు లేవు. అక్కడి సిస్టరు పాపం ఏడుపు మొహంతో అటూ ఇటూ పరిగెత్తి అంబులెన్సు మాట్లాడింది. శ్రీకాకుళం పట్టుకెళ్ళమంది. అంబులెన్సులో లక్ష్మణమ్మ భర్త పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. జగన్నాధం చెయ్యి పట్టుకున్నాడు. టెక్కలి దాటాక ఆ చెయ్యి బరువెక్కింది. లోపలున్న కుర్ర డాక్టరు ఛాతీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. తరవాత డ్రైవరుతో బండి పక్కకి ఆపమన్నాడు.

శవాన్ని వెనక్కి తెచ్చుకోడానికి మళ్ళీ అదే ట్రాక్టరు, అదే మంచం. ఆ ఏడు ఊళ్ళో కట్టెలకి కరువు లేదు.

తరవాతి రోజులు ఊళ్ళో ఎవరి పనిలో వాళ్ళున్నారు. పడిన చెట్లు కోయడం, రేకులు వెతుక్కోవడం, ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకు పరిగెత్తడం. నరసింగరావు పోయాడని అందరికీ తెలుసు. ఎదురైతే జగన్నాధం భుజం మీద చెయ్యి వేసి, తోట గురించి అడిగేవారు.

దినం అయిన రెండు మూడు రోజులకి ఊళ్ళోకి ఒక తెల్ల వేను వచ్చింది. టెక్కలి చర్చివాళ్ళు బియ్యం, కొవ్వొత్తులు, దుప్పట్లు పంచడానికి తెచ్చారు. తోలుతున్నది కృపానిధి. జగన్నాధం ట్యాంకరు దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంటే వేను తలుపు తీసుకుని శాంతి దిగింది. అతన్ని చూసి మొహం వెలిగింది.

"ఫోన్లు కలవలేదు. ఎలా ఉన్నారో అని... మీ ఊరి పేరు చెప్పి మా నాన్నని ఇటే రమ్మన్నాను. మీ నాన్నగారేరీ? గురువారం జవాబు చెప్తానన్నారుగా. ఇవాళ నేనే నేరుగా..."

అప్పుడు ఆమె అతని గుండు చూసింది.

చేతిలో ఉన్న కొవ్వొత్తుల కట్ట కింద పెట్టడానికి చుట్టూ చూసింది, ఎక్కడా పొడి నేల లేదు. అలాగే గుండెలకి ఆనించుకుని నిలబడిపోయింది.

"ఎప్పుడు?"

"శుక్రారం. మీ ఊరు దాటినాక," అన్నాడు జగన్నాధం.

కృపానిధి దిగి వచ్చి ఏమీ అడక్కుండా అతని బిందె ఎత్తుకున్నాడు. ముగ్గురూ ఇంటికి నడిచారు. లక్ష్మణమ్మ వంటింట్లో, రేకులు లేని కప్పు కింద, తడిసిన జీడిపిక్కలు ఎండబోస్తోంది. కొత్త మనుషుల్ని చూసి లేవబోయింది.

"అమ్మా, శాంతి," అన్నాడు జగన్నాధం.

ఆవిడ ఆ పిల్లని తేరిపార చూసింది.

"నువ్వేనేటమ్మా," అంది. "రా, కూకో."

శాంతి ఆవిడ పక్కన నేలమీద కూచుని ఏడ్చేసింది. లక్ష్మణమ్మ ఏడవలేదు. ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, "నీ మాటలకి నవ్వీవోడమ్మా మా ఆయన," అంది. "రెండేళ్ళు నవ్వు నేదు. నీకేటి సెప్పాలని బుదారం కూడా కూకుని ఆలోసించినాడు. ఏటి సెప్తావని నానడిగితే, నీకు ముందు సెప్తే పస ఉండదే అన్నాడు."

"మీకూ చెప్పలేదా?"

"నేదమ్మా."

శాంతి తలవంచుకుంది. ఇక తన ప్రశ్న గురించి ఒక్క మాట ఎత్తలేదు. వేను బయల్దేరేముందు కృపానిధి ప్రార్థన చెయ్యవచ్చా అని అడిగాడు. లక్ష్మణమ్మ చేతులు జోడించింది. ఆయన చిన్నగా, ఆయాసం లేని లోకం గురించి, దాహం లేని లోకం గురించి అన్నాడు. దాహం అన్న మాట దగ్గర జగన్నాధం లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నవంబరులో కాలేజీలు తెరిచాక అతను వెళ్ళను అన్నాడు. కొండబాబుతో కలిసి తోటలో మానులు లాగించాలి, మళ్ళీ మొక్కలు పెట్టాలి, అవి కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. లక్ష్మణమ్మ ఒప్పుకోలేదు. "మేస్టారవుతానని సెప్పినావట గదా ఆయనకి," అంది. అది తండ్రి ఆవిడకి చెప్పాడని కూడా అతనికి తెలీదు.

కాలేజీకి వెళ్ళిన మొదటి రోజు, మరణ ధ్రువపత్రానికి కావలసిన కాగితం కోసం అతను ఆసుపత్రికి కూడా వెళ్ళాడు. వార్డు మీదుగా పోవాలి. మెషిన్లన్నీ నడుస్తున్నాయి. తండ్రి బెడ్డు మీద ఎవరో లావుపాటి మనిషి పడుకుని సెల్‌ఫోన్ చూస్తున్నాడు. ఎదుటి బెడ్డు మీద ఆ చిన్నపిల్లల తండ్రే ఉన్నాడు. జగన్నాధాన్ని చూశాడు, గుర్తుపట్టాడు. గుండు చూశాడు. తరవాత మొహం గోడ వైపు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. జగన్నాధం గుమ్మం దగ్గర క్షణం ఆగాడు. ఆ మనిషి రెప్పలు వణుకుతున్నాయి. అడుగు చప్పుడు కాకుండా వార్డు దాటి, కాగితం తీసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చాక అన్నం పెడుతూ లక్ష్మణమ్మ అడిగింది:

"ఆసుపత్రిలో ఎవులైనా అడిగినారేటిరా, మీ నాన్న ఏడని?"

ముద్ద చేతిలో ఉండిపోయింది. తల్లి అతని మొహం వైపే చూస్తోంది. కొడుకుని ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

"అడిగినారమ్మా," అన్నాడు. "అందరూ అడిగినారు. ఆ సిస్టరమ్మ ఏడిసినాది."

"ఆఁ," అని లక్ష్మణమ్మ చారు గిన్నె దగ్గరికి జరిపింది. "మరి అడగరేటి. అన్నాళ్ళు ఎల్లినాం."

ఆవిడ నమ్మిందో లేదో అతనికి తెలీలేదు.

శాంతి వ్యాసం ఆ నెలాఖరుకి పూర్తయింది. మేడంకి ఇచ్చేముందు ఒక ప్రతి జగన్నాధానికి ఇచ్చింది. "నువ్వే కదా రివ్యూ చెయ్యాలి. ఇంటికి తీసుకెళ్ళి చూడు," అంది. ఆమె వాదం పూర్తిగా మార్చుకోలేదు. భయం సంగతి అలాగే ఉంది. కాని కాదనేవాడి మాటకి రెండు పేరాలు కేటాయించింది. జాలి గురించి నరసింగరావు చెప్పింది చెప్పినట్టు రాసింది, ఆ మాట ఎవరిదో పేరుతో సహా. దానికి తన దగ్గర సగం జవాబే ఉందని, మిగతా సగం తనకింకా తెలీదని కూడా రాసింది. మేడం అది ఒప్పుకుంటుందో లేదో మరి.

సాయంత్రం దీపం పెట్టాక జగన్నాధం తల్లికి దాన్ని తెలుగులో చెప్పాడు. లక్ష్మణమ్మ గోడకానుకుని, వార్డులో కూచున్నట్టే మోకాళ్ళు ముడుచుకుని వింది. భర్త పేరు వచ్చినచోట, "ఇంగిలీసులో రాసిందేటి ఆయన పేరు?" అని అడిగింది. చూపించాడు. ఆవిడకి చదవడం రాదు, అయినా కాగితం చేతిలోకి తీసుకుని ఆ అక్షరాలు చూసి తిరిగిచ్చింది.

"బాగా రాసింది. ఆయనుంతే ఊరుకోడు గాని. ఇంకా ఏదో అనీవోడు."

"అవునమ్మా."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. జగన్నాధం పెన్ను తీసి మూడు ప్రశ్నలూ రాసుకున్నాడు. మొదటిదానికి రాశాడు. రెండోదానికి రాశాడు. మూడోదాని దగ్గర ఆగి, తండ్రి గొంతు తెచ్చుకోడానికి ప్రయత్నించాడు. ఆయన అన్న పాత మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటీ తప్పిపోలేదు. కొత్తది మాత్రం రాలేదు. ఈ వ్యాసం విని, ఈ రోజున, నాన్న ఏమనేవాడు? ఎంతసేపు కూచున్నా అతనికి తట్టలేదు. లోపల్నించి తల్లి అన్నానికి పిలిచింది. పెన్ను చేతిలోనే పట్టుకుని అక్కడే కూచుండిపోయాడు.